వారం రోజుల విశ్రాంతి

శ్రమను గురించి మన అభ్యుదయ సాహిత్యం రాసినంతగా విశ్రాంతిని గురించి రాయలేదు. దీనికి చారిత్రకమైన కారణం ఉంది. మనకు ముందు భావకవులు కొండలను, సెలయేళ్ళను, వెన్నెలను తమ సొత్తుగా చేసుకున్నారు. వారిమీద తిరుగుబాటు చేసి వచ్చిన కవులు నాగలిని, కొలిమిని, గనిని, యంత్రాన్ని పట్టుకున్నారు. ఆ తిరుగుబాటు అవసరమైనదే. కాని దాని ఫలితంగా కొండలూ వెన్నెలా మనకు కానివారి చేతుల్లోనే ఉండిపోయినాయి. ఈనాడు వాటిని భావకవి దగ్గరనుంచి పర్యాటక వ్యాపారి కొనుక్కున్నాడు. వాటిని పొట్లాలు కట్టి, రోజుకింత అని ధర కట్టి అమ్ముతున్నాడు.

మార్క్సు ఈ పొరపాటు చేయలేదు. ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో, 1867లో, పనిదినాన్ని గురించి సుదీర్ఘమైన అధ్యాయం రాసినాడు. కార్మికుడి జీవితంలో ఏ గంట యజమానిది, ఏ గంట తనది అన్నదే ఆ అధ్యాయంలోని పోరాటమంతా. ఆయన అల్లుడు పాల్ లఫార్గ్ 1880లో మరింత ముందుకు పోయి, సోమరితనపు హక్కును గురించే వ్యంగ్యంగా ఒక పుస్తకం రాసినాడు. అంటే విశ్రాంతి సమస్య మొదటినుంచీ మన సమస్యే. మధ్యలో మనమే దాన్ని వదిలేసినాం.

దీన్ని గురించి రాయాలని నాకు తోచడానికి కారణం ఒక ప్రకటన. పుంగనూరు ప్రాంతంనుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న విద్యార్థి ఒకడు దుబాయిలో పనిచేస్తున్నాడు. అక్కడ పంచిపెడుతున్న ఒక ప్రయాణ ప్రకటనను ఫోటో తీసి నాకు పంపినాడు. స్విట్జర్లాండులో ఒక నగరం, సరస్సు, వెనక మంచుకొండలు. ప్రశాంతంగా, ప్రకృతి మధ్య, వారం రోజులు. అడుగున చిన్న అక్షరాలతో, హలాల్ భోజన వసతి ఉన్నది అని. దానికింద మావాడు ఒక ప్రశ్న రాసినాడు: “సార్, మన హార్సిలీ కొండ మీద ఈ చివరి మాట రాసిన బోర్డు ఒక్కటైనా చూసినారా?”

వాడు నవ్వులాటకే రాసి ఉండవచ్చు. కాని ఆ ప్రకటనలో మూడు వస్తువులను కలిపి అమ్ముతున్నారు. వారం రోజుల తీరిక ఒకటి, కొండగాలి ఒకటి, అనుమానం లేకుండా తినగల భోజనం ఒకటి. ఈ మూడూ ఎక్కడినుంచి వచ్చినాయి, ఎవరికి అందుతున్నాయి అని విడివిడిగా చూస్తే మనకు కొన్ని విషయాలు తెలుస్తాయి.

మొదట ఆ వారాన్ని చూద్దాం. జీతం కోత లేకుండా వారం రోజులు పని మానుకోవచ్చుననే భావం ఆకాశంనుంచి ఊడిపడలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో ఏర్పడింది. మరుసటి ఏడాదినుంచి అది స్విట్జర్లాండులోని జెనీవా నగరంలోనే ఉన్నది. 1921లో అక్కడ జరిగిన మహాసభ పరిశ్రమల్లో వారానికొక విరామదినం ఉండాలని ఒక ఒప్పందం చేసింది. భారతదేశం 1923లో దాన్ని ఆమోదించింది. 1936లో మళ్ళీ జెనీవాలోనే, జీతంతో కూడిన వార్షిక సెలవు గురించి ఇంకొక ఒప్పందం జరిగింది. ఏడాది పనిచేసినవారికి కనీసం ఆరు పనిదినాల సెలవు ఉండాలన్నది దాని సారాంశం. ఆరు పనిదినాలు, ఒక ఆదివారం. వ్యాపారి అమ్ముతున్న ఆ ‘వారం’ సరిగ్గా ఇదే!

అదే 1936 జూన్‌లో ఫ్రాన్సు దేశంలో లక్షలాది కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించి సమ్మె చేస్తూ ఉండగా, లెయాన్ బ్లూమ్ నాయకత్వాన ఏర్పడిన ప్రజాఫ్రంటు ప్రభుత్వం రెండు వారాల జీతపు సెలవును చట్టం చేసింది. ఆ వేసవిలో ఎందరో కార్మికులు జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూసినారు. సోవియట్ యూనియన్ అదే సంవత్సరం తన రాజ్యాంగం 119వ అధికరణంలో విశ్రాంతిని పౌరహక్కుగా ప్రకటించింది. 1948లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను, జీతంతో కూడిన సెలవులను ప్రతి మనిషికీ హక్కుగా ఒప్పుకున్నది. మనదేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి ఇరవై రోజుల పనికి ఒకరోజు చొప్పున జీతపు సెలవు రాసింది.

చట్టం రాసింది సరే. అది ఎవరిని తాకింది? కుప్పం స్టేషన్లో తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి, రాత్రికి తిరిగివచ్చే కూలీకి ఏడాదికి 240 రోజుల హాజరుపట్టీ ఎక్కడుంటుంది? మదనపల్లె టమాట మార్కెట్టులో గంపలు మోసే హమాలీకి సెలవు ఇచ్చేదెవరు? అంతదూరం ఎందుకు, మన కళాశాలల్లోనే గంటల లెక్కన వేతనం తీసుకునే అతిథి అధ్యాపకుడిని అడగండి. నాబోటివాడు వేసవి సెలవులని సంతోషించే రోజులు అతనికి జీతం లేని రోజులు. ఒకే స్టాఫురూములో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరికి ‘సెలవు’ అనే మాట రెండు వ్యతిరేకార్థాలతో వినపడుతుంది. నిఘంటువు ఈ తేడా చెప్పదు.

స్విట్జర్లాండును స్వర్గమనుకోనక్కరలేదు. ఆ దేశంలో చట్టప్రకారం కనీసం నాలుగు వారాల సెలవు ఉన్నది. దాన్ని ఆరు వారాలకు పెంచాలనే ప్రతిపాదన 2012 మార్చిలో ప్రజల ఓటుకు వచ్చినప్పుడు మూడింట రెండువంతులమంది కాదన్నారు. సెలవులు పెరిగితే ఉద్యోగాలు పోతాయని యజమానులు చేసిన ప్రచారం పనిచేసింది. పైగా, ఆ దేశపు హోటళ్ళను, రోడ్లను, సొరంగాలను కట్టి నడిపినవారిలో ఇటలీ, స్పెయిన్ మొదలైన దేశాలనుంచి వచ్చిన ఋతుకార్మికులు ఎందరో. వారికి ఏడాదికి తొమ్మిది నెలలే అనుమతి, ఆపైన వెళ్ళిపోవాలి. భార్యాబిడ్డలను తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవారు పిల్లలను గదుల్లో దాచిపెట్టి, చప్పుడు చేయవద్దని చెప్పి పనికి పోయేవారు. ఈ పద్ధతి 1930లలో మొదలై 2002 దాకా సాగింది. ప్రకటనలోని ఆ నిశ్శబ్దంలో ఈ పిల్లల నిశ్శబ్దం కూడా కలిసి ఉన్నది.

ఇక కొండగాలి సంగతి. ఆరోగ్యంకోసం కొండ ఎక్కడమనే ఆచారం యూరపులో పందొమ్మిదో శతాబ్దంలో బలపడింది. క్షయవ్యాధికి మందు లేని రోజులవి. మంచి గాలి, ఎండ, పాలు, పడక, ఇవే చికిత్స. దావోస్ అనే స్విస్ పట్టణానికి 1865నుంచి చలికాలంలో కూడా క్షయరోగులు రావడం మొదలుపెట్టినారు. కొద్దికాలంలోనే ఆ లోయంతా శానిటోరియంలతో నిండిపోయింది. థామస్ మన్ 1924లో ప్రకటించిన ‘మాయా పర్వతం’ నవలకు రంగస్థలం అదే. జవహర్‌లాల్ నెహ్రూ 1926లో భార్య కమలను వైద్యంకోసం తీసుకుపోయింది స్విట్జర్లాండుకే. ఆమె చివరకు 1936 ఫిబ్రవరి 28న లొసాన్ నగరంలో కన్నుమూసింది.

అందరూ ధనికులుగానే అక్కడికి పోలేదు. ప్రవాసంలో ఉన్న లెనిన్ 1916లో జ్యూరిక్‌లో ‘సామ్రాజ్యవాదం’ గ్రంథాన్ని రాసినాడు. ఆ ఏడాది వేసవిలో క్రూప్స్కయా ఆరోగ్యంకోసం ఇద్దరూ ఫ్లూమ్స్ సమీపంలో కొండమీద ఒక చవక విడిదిలో కొన్ని వారాలున్నారు. అక్కడ భోజనమంటే చాలామటుకు పాలూ, పాలతో చేసిన పదార్థాలేనట. విప్లవకారుడు కూడా కొండ ఎక్కి పాలు తాగినాడని తెలిస్తే మన విద్యార్థుల్లో కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. నాకు కలగలేదు. పనిచేసేవాడికే విశ్రాంతి విలువ తెలుస్తుంది.

స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చినాక దావోస్ శానిటోరియంలు హోటళ్ళయినాయి. 1971నుంచి అక్కడ ప్రపంచ పెట్టుబడిదారుల సమావేశాలు జరుగుతున్నాయి. కుప్పం నియోజకవర్గంనుంచి 1989నుంచీ ఎన్నికవుతూ వచ్చిన నారా చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా పలుమార్లు ఆ సమావేశాలకు హాజరైనారు. ఊపిరితిత్తుల రోగులు పడుకున్న ఊరికి ఇప్పుడు పెట్టుబడికోసం రాష్ట్రాలు వరుసకడుతున్నాయి. కుప్పంనుంచి దావోస్‌కు దారి ఉన్నది. ఆ దారిలో కుప్పం కూలీకి వారం రోజుల సెలవు ఎప్పుడైనా తిరిగివస్తుందా అన్నది వేరే ప్రశ్న.

మనకూ ఒక కొండ ఉన్నది. మదనపల్లెకు సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి నాలుగువేల అడుగులకు పైన. దాని పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల కొండమీది జనానికి రోగాలు నయం చేసేదని స్థానిక గాథ. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరు హార్సిలీ దొరకు ఈ గాలి నచ్చింది. పైన బంగళా కట్టించుకున్నాడు. మల్లమ్మ పేరు పోయి హార్సిలీ పేరు నిలిచింది. తరువాత ‘ఆంధ్రా ఊటీ’ అని మరొక అరువు బిరుదు వచ్చింది. జనానికి రోగాలు నయం చేసిన పిల్ల కథ పోయి, చెమట పట్టకూడదనుకున్న అధికారి పేరు మిగలడంలో ఒక చరిత్ర ఉన్నది. నీలగిరి చెట్ల మధ్య నడిచేటప్పుడు దాన్ని మరచిపోకూడదు.

మరి బీదవాడికి ఈ గాలి ఎప్పుడు దక్కింది? రోగం వచ్చినప్పుడు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో మిషనరీలు కలిసి క్షయ శానిటోరియం స్థాపించినారు. డెన్మార్కుకు చెందిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ దాన్ని తీర్చిదిద్దినాడు. దక్షిణదేశమంతటినుంచీ రోగులు వచ్చేవారు. పాత తెలుగు నవలల్లో ‘మదనపల్లె శానిటోరియం’ అన్నమాట కనపడితే చాలు, కథ ఎటు పోతున్నదో పాఠకులకు తెలిసిపోయేది. 1948లో మనదేశంలో బి.సి.జి. టీకాలు మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1956లో మద్రాసులో ప్రారంభమైన క్షయ పరిశోధన కేంద్రం, మందులు సక్రమంగా ఇస్తే ఇంట్లో ఉన్న రోగికి కూడా శానిటోరియంలో ఉన్న రోగికి నయమైనట్లే నయమవుతుందని 1959లో నిరూపించింది. బీదదేశాల వైద్యచరిత్రలో ఇది గొప్ప విజయం. దీనితో రోగికి శానిటోరియం అవసరం తప్పింది. అయితే బీదవాడు చెట్టుకింద పడకవేసుకుని పడుకోవడానికి సమాజం ఒప్పుకున్న ఒకే ఒక కారణం కూడా దీనితో పోయింది. రోగం లేని బీదవాడికి విశ్రాంతి ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

ఈ మాట నేను ఊహించి రాయడం లేదు. రెండేళ్ళకిందట మే నెలలో మా కుటుంబమూ, నాతోపాటు పనిచేసే అర్థశాస్త్ర అధ్యాపకుడి కుటుంబమూ కలిసి హార్సిలీ కొండమీద వారం రోజులున్నాము. మిత్రుడు ముస్లిం. వాళ్ళమ్మగారు కూడా వచ్చింది. పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే పనిలో నలభై ఏళ్ళు గడిపిన మనిషి. ఆ పని చూసినవారికి తెలుసు. మరుగుతున్న నీళ్ళలో గూళ్ళు తేలుతూ ఉంటాయి. వేళ్ళతో ఆ నీళ్ళలోనే తడిమి దారం కొస పట్టుకోవాలి. షెడ్డంతా ఆవిరి, చచ్చిన పురుగు వాసన. ఆ వేళ్ళ చివరలు నాని నాని తెల్లబడి గట్టిపడతాయి. అట్లా తీసిన దారంతో మా మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో చీరలు నేస్తారు. ఆ చీరలు కట్టుకున్నవారు కొండమీద ఫోటోలు తీయించుకుంటారు.

ఆమె చిన్నప్పటినుంచీ ఆ కొండను కిందనుంచి చూస్తూనే ఉన్నది. ఎక్కడం అదే మొదలు. మొదటి రెండురోజులు ఏమీ తోచక గదులు ఊడ్చింది, మా పిల్లల గుడ్డలు ఉతికింది. మూడోనాడు మధ్యాహ్నం చెట్టుకింద చాప పరుచుకుని నిద్రపోయింది. లేచి సిగ్గుపడుతూ నాతో అన్నది: “పగటిపూట పండుకోవడం జబ్బు చేసినప్పుడు తప్ప ఎరగను బాబూ.”

కష్టజీవి విశ్రాంతి చరిత్ర అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. నేను ఎం.ఏ.లో చదివిన ప్రకృతి కవిత్వంలో ఆ మాట లేదు.

ప్రకటనలోని మూడో వస్తువు భోజనం. మేము దిగిన విడిదిలో మొదటి రాత్రి కోడికూర వడ్డించబోతే ఆమె మెల్లగా, “దీన్ని కోసిందెవరు నాయనా?” అని అడిగింది. వడ్డించేవాడికి తెలియదు. పైవాణ్ణి పిలిచినాడు. ఆయన మొహం చిట్లించి, “అవన్నీ ఇక్కడ చూడము సార్. ఇష్టమైతే తినండి, లేకుంటే వెజిటేరియన్ తీసుకోండి” అని ఆమెకు కాక నాకు జవాబు చెప్పినాడు. ఆమె, “పోనీలే, పెరుగన్నం ఉందిగదా” అన్నది. మిత్రుడు తలవంచుకుని తిన్నాడు. ఆ తరువాత మూడు రోజులు ఆమె పెరుగన్నమే తిన్నది.

నాలుగోరోజు ఉదయం వంటింటి కుర్రవాడొకడు నా దగ్గరికి వచ్చి, “సార్, అవ్వ మూడు దినాలుగా పెరుగన్నమే తింటా ఉండాది. దినామూ పొద్దున కూరగాయలకు బండి కొత్తకోటకు పోతాది. ఆడ భాయ్ అంగడి ఉండాది. నేను చెప్పి తెప్పిస్తా. వేరే గిన్నెలో చేస్తా” అన్నాడు. చేసినాడు. అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. పైవాడికి మూడు రోజులుగా అసాధ్యమైన పని వీడికి ఒక్కపూటలో సాధ్యమైంది. వీడికి ఆమె ‘ముస్లిం’ కాదు, అన్నం సరిగా తినని అవ్వ. వాడిది కుప్పం పక్కన పల్లె. నీకు సెలవెప్పుడని అడిగితే, “సీజన్లో సెలవు యాణ్ణించి వస్తాది సార్? వానలు పడినాక ఇంటికి పోతా” అన్నాడు. ఇతరుల విశ్రాంతికాలమే వాడికి శ్రమకాలం. స్విట్జర్లాండు ఋతుకార్మికుణ్ణి గురించి చదివినప్పుడల్లా నాకు వీడి ముఖమే గుర్తుకొస్తుంది.

ఇక్కడ అభ్యుదయ పాఠకులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. మతాచారాన్ని మనం సమర్థించవచ్చునా? ‘ఎవరు కోసినారు’ అన్న ప్రశ్నకూ, అగ్రవర్ణులు హోటళ్ళలో అడిగే ‘ఎవరు వండినారు’ అన్న ప్రశ్నకూ తేడా ఏమున్నది? ఇది గట్టి అభ్యంతరం. దీన్ని తప్పించుకోకూడదు.

తేడా ఉన్నది. కులం అడిగే ప్రశ్న ఒక మనిషిని వంటింట్లోనుంచి, బావి దగ్గరనుంచి, పక్కపీటమీదనుంచి వెళ్ళగొడుతుంది. ఆ మనిషి చెయ్యి తాకిన నీళ్ళు కూడా పనికిరావంటుంది. రెండు గ్లాసుల పద్ధతి దానిలోనుంచి పుట్టిందే. ఈ ముసలమ్మ అడిగింది జంతువును ఎట్లా కోసినారని. ఆ కుర్రవాడి కులమేదో ఆమె అడగలేదు. వాడి చేతి అన్నం, పప్పు, పెరుగు మొదటిరోజునుంచీ తిన్నది. కోడికూర వండి పెట్టినప్పుడు వాడి తలమీద చెయ్యిపెట్టి దీవించింది. ఒక ప్రశ్న మనిషిని దూరం పెడుతుంది. రెండోది తినడానికి షరతు పెడుతుంది, మనిషికి కాదు. ఆ షరతు సహేతుకమా కాదా అన్నది ఆమె మతంలోని హేతువాదులూ, మనమూ తీరికగా చర్చించవచ్చు. ఆకలితో కూర్చున్న మనిషి ముందు చర్చించనక్కరలేదు.

పైగా మా సీమలో ఈ ఆచారం ముస్లిములది మాత్రమే కాదు. పుంగనూరు దగ్గర మా అమ్మగారి పల్లెలో నా చిన్నతనాన కనుమ పండుగకు పొట్టేలును కోయాలంటే సాయబును పిలిచేవారు. ఆయన వచ్చి మంత్రం చదివి కోసేవాడు, ఆయన వాటా ఆయన తీసుకుపోయేవాడు. జాతర బలి వేరు, ఇంటి కూరకు కోసేది వేరు. సాయబు కోస్తే ఆ కూర ఊళ్ళో ఎవరికైనా పెట్టవచ్చు. ఒకే కుండలోనుంచి అందరికీ వడ్డించవచ్చు. దీన్ని మా పెద్దలు మతసామరస్యమని పిలవలేదు, ఉపన్యాసాలివ్వలేదు. పొరుగువాణ్ణి పంక్తికి పిలవాలంటే కావలసిన ఏర్పాటు అది, అంతే.

ఆ ఏర్పాటు ఇప్పుడు తెగిపోతున్నది. కుప్పం, పుంగనూరులకు సరిహద్దునే ఉన్న కర్ణాటకలో 2022 ఉగాది ముందు, హలాల్ మాంసం కొనవద్దని కొన్ని సంస్థలు ప్రచారం చేసినాయి. ఉగాది మరునాడు మాంసం వండుకునే ‘హొసతొడకు’ అక్కడ పెద్ద పండుగ. చిన్న మాంసపు అంగళ్ళవాళ్ళ ఏడాదిలో మంచి బేరం జరిగే రోజదే. దెబ్బ ఆ రోజుమీద కొట్టినారంటే ఉద్దేశం మతమొక్కటే కాదు, బతుకుతెరువు కూడానని తెలుస్తూనే ఉన్నది.

ఇక ప్రకటనలోని స్విట్జర్లాండు ఈ విషయంలో మనకు ఆదర్శమా? అక్కడి చరిత్ర విచిత్రమైనది. జంతువును ముందుగా స్పృహ తప్పించకుండా కోయడాన్ని నిషేధించాలనే ప్రతిపాదన 1893 ఆగస్టు 20న ప్రజల ఓటుకు వచ్చి నెగ్గింది. ప్రజలే సంతకాలు సేకరించి రాజ్యాంగాన్ని సవరించే హక్కు వచ్చాక జరిగిన మొట్టమొదటి ఓటు అది. జంతువులమీద దయ ఉన్నవారు దాన్ని బలపరచినారు. యూదులమీద ద్వేషం ఉన్నవారూ బలపరచినారు. ఏది ఎంతపాలో ఎవరూ విడదీయలేరు. ఆ నిషేధం నేటికీ పోలేదు. నిషేధించిన పద్ధతిలో కోసిన మాంసాన్ని మాత్రం విదేశాలనుంచి పరిమితంగా దిగుమతి చేసుకోవచ్చు. 2009 నవంబరులో కొత్త మినార్లు కట్టరాదని నూటికి 57 మందికి పైగా ఓటువేసినారు. 2021లో ముఖం కప్పుకోవడంమీద నిషేధం స్వల్పమైన మెజారిటీతో నెగ్గి, 2025 జనవరి 1నుంచి అమలులోకి వచ్చింది.

ఆ దేశమే, గల్ఫ్ దేశాలనుంచి వచ్చే అతిథికోసం ఇంటర్‌లాకెన్ వంటి పట్టణాల్లో అరబ్బీ బోర్డులు పెట్టి హలాల్ భోజనం వడ్డిస్తుంది. వాళ్ళను పిలిచేది బజారు, కాదనేది ఓటు. జేబులో డబ్బున్న ముస్లిం వారం రోజుల అతిథి. అక్కడే ఉండి పనిచేసే ముస్లిం ఒక ‘సమస్య’. అందుకే నా శిష్యుడు పంపిన ఆ చిన్న అక్షరాల వాక్యాన్ని చూసి నేను పొంగిపోలేను. అది మర్యాదే కాని, బిల్లు కట్టినంతసేపు ఉండే మర్యాద. మన విడిది పైవాడికి ఆపాటి వ్యాపారబుద్ధి కూడా లేకపోవడం వేరే సంగతి. వ్యాపారి ఇచ్చే గౌరవం ఒకటి, కుప్పం కుర్రవాడు ఇచ్చిన గౌరవం ఒకటి. మొదటిదానికి ధర ఉన్నది. రెండోదాన్ని సమాజపు ఆచారంగా ఎట్లా మార్చాలన్నది మన ముందున్న పని.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1961నుంచి 1985దాకా ప్రతి వేసవిలో స్విట్జర్లాండులోని సానెన్ గ్రామంలో ఉపన్యాసాలిచ్చినాడు. దేశదేశాలనుంచి వేలమంది వచ్చి వినేవారు. మనిషి తన మనస్సును తానే చూసుకోవాలన్నది ఆయన బోధ. దాన్ని నేను తేలిక చేయను. కాని మనస్సును చూసుకోవడానికి ముందు పని ఆపి కూర్చోగల ఒక పూట కావాలి. ఆ పూటను ఇచ్చేది జెనీవా ఒప్పందమూ, ఫ్రెంచి కార్మికుల సమ్మే కాని, కొండగాలి కాదు. పట్టుగూళ్ళ నీళ్ళలో వేళ్ళు పెట్టిన మనిషికి అంతర్దృష్టికన్నా ముందు హాజరుపట్టీ కావాలి.

కాబట్టి మన సంఘాలు విశ్రాంతిని కోరికల పట్టికలో చివర కాక మొదట్లో చేర్చుకోవాలి. అతిథి అధ్యాపకుడికి వేసవి జీతం, రీలింగు షెడ్డు స్త్రీకి జీతంతో వారం రోజుల సెలవు, సీజనులో పనిచేసే వంటింటి కుర్రవాడికి వారానికొక రోజు. ప్రభుత్వం కొండమీద కట్టే విడుదుల్లో కొన్ని గదులు కార్మిక కుటుంబాలకు వాళ్ళు కట్టగలిగిన అద్దెకు. ఇవి పెద్ద కోరికలేమీ కావు. సోవియట్ ప్రభుత్వం అంతర్యుద్ధం ముగుస్తున్న 1920 డిసెంబరులోనే క్రిమియాలోని ప్రభువుల భవనాలను కార్మికుల చికిత్సకూ విశ్రాంతికీ కేటాయించింది. కరవుతో, యుద్ధంతో చితికిపోయిన దేశానికి సాధ్యమైనది మనకు అసాధ్యమంటే నమ్మలేము.

కళాశాలల్లో మనంతట మనం చేయగల పని కూడా ఒకటి ఉన్నది. ఏటా విద్యార్థులను విహారయాత్రలకు తీసుకుపోతాము. బస్సు మాట్లాడేటప్పుడు, ఎక్కడ దిగాలో ఏం చూడాలో రాసుకునేటప్పుడు, ఎవరెవరు ఏమి తింటారో కూడా ముందే అడిగి రాసుకోవాలి. అడగడంలో నామోషీ లేదు. శాకాహారి విద్యార్థిని ఎప్పుడూ అడుగుతాము, అది మర్యాద అనుకుంటాము. ముస్లిం విద్యార్థి నోరు విప్పకుండా మూడురోజులు పెరుగన్నం తింటే సర్దుకుపోయినాడని మెచ్చుకుంటాము. ఆ మెచ్చుకోలు ఇక చాలు.

రచయితలకు ఇంకొక పని ఉన్నది. కొండను, గాలిని, చెట్టుకింద మధ్యాహ్నపు నిద్రను వ్యాపారి దగ్గరనుంచి తిరిగి తెచ్చుకోవాలి. శ్రమజీవి చెమటను గురించి మనం చాలా రాసినాం, ఇంకా రాస్తాం. అలసిన ఆ మనిషి చాప పరుచుకుని పడుకున్న మధ్యాహ్నాన్ని కూడా రాయాలి. పగటినిద్రకు ఆమె సిగ్గుపడనక్కరలేని రోజు రావాలంటే ఏమేమి మారాలో, ఆ కథలోనే పాఠకుడికి తెలియాలి.